రజిని జడ్జి అయినంక

జూనియర్ సివిల్ జడ్జిగా ఎంపికైనట్టు ఫోన్ వచ్చినప్పుడు రజిని పెనం మీద జొన్నరొట్టె కాలుస్తున్నది. చేసింది సుమన, బోధన్ కోర్టులో తోటి వకీలు. "నీ పేరున్నదే, నిజంగనే ఉన్నది" అంటున్నది. వెనకనుంచి అత్త శారమ్మ, "రొట్టె మాడుతున్నది బిడ్డా, మాటలు తర్వాత" అన్నది. రజిని ఫోన్ పెట్టేసి రొట్టె తిప్పింది. సంతోషం వస్తుందేమోనని కాసేపు చూసింది. రాలేదు. ఇంకో ముద్ద తీసుకుని తట్టసాగింది.

భర్త రాజ్ కిరణ్ కూడా వకీలే. రెంజల్ వైపు చెరుకు భూముల దావాలన్నీ ఆయనకే వస్తాయి. వాటిని రాసేది మాత్రం రజిని. పొయ్యి మీద కూర ఉడుకుతుండగా, పక్కన కొడుకు చిన్ను ఎక్కాలు అప్పజెబుతుండగా రాస్తుంది. కోర్టులో ఆయన వాదిస్తుంటే వెనక కూర్చుని కాగితాలు అందిస్తుంది. పెళ్లయిన కొత్తలో ఒకసారి తనే లేచి వాదించింది. ఆ సాయంత్రం ఆయన నవ్వుతూనే అన్నాడు, "ఇద్దరం లేస్తే జనం నవ్వుతరు. నువ్వు రాయి, నేను చెప్త." ఆమె కూడా నవ్వింది. తర్వాత తర్వాత నవ్వాల్సిన పని కూడా లేకపోయింది. జడ్జి పరీక్షకు దరఖాస్తు పెడతానంటే, "పెట్టు, పోయేదేమున్నది" అన్నాడు. ఆమెకు వస్తుందని ఆయన అనుకోలేదు. హైదరాబాదులో ఇంటర్వ్యూ చేసిన పెద్దాయన, "బదిలీలైతే పిల్లవాడి సంగతేంటమ్మా?" అని అడిగాడు. ఆమె కంటే ముందు లోపలికి పోయి వచ్చిన ఇద్దరు పిల్లల తండ్రిని ఆ మాట అడగలేదట. "మా ఇంట్లో అందరూ ఒప్పుకున్నారు సర్" అన్నది రజిని. ఇంట్లో ఎవరినీ ఎవరూ అడిగింది లేదు.

ఆదివారం ఆరాధన కాగానే చర్చిలో సన్మానం పెట్టారు. పాస్టరుగారు మొదటి శాలువా రాజ్ కిరణ్‌కు కప్పి, "భార్యను జడ్జిని చేసిన భర్త" అన్నాడు. రాజ్ కిరణ్ మైకు తీసుకున్నాడు.

"దేవుని దయతోని వచ్చింది. కానీ మాకు కుటుంబమే ముందు. పిల్లగాడు చిన్నోడు, అమ్మకు షుగరున్నది. అందుకే రజిని ఈ ఉద్యోగం వదులుకుంటున్నది."

అందరూ చప్పట్లు కొట్టారు. ఒకావిడ కళ్లు తుడుచుకుంది. ఎవరో వేరే ఆడమనిషి గురించి చెబుతున్నట్టు విన్నది రజిని. ఆమె చేతులు కూడా చప్పట్లకు లేచాయి. లేచిన చేతులను చూసుకుని ఒళ్లో పెట్టుకున్నది.

"అమ్మా, మీరూ రెండు మాటలు" అన్నాడు పాస్టరుగారు.

రజిని లేచి మైకు అందుకున్నది. "నేను వదులుకుంటలేను. ట్రైనింగ్‌కు పోతున్న" అని వచ్చి కూర్చున్నది. ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

ఇంటికి రాగానే రాజ్ కిరణ్ శాలువా కుర్చీ మీద పడేశాడు. "నలుగుర్ల నా మాట తీసేసినవు."

మంచినీళ్లు తాగుతున్న శారమ్మ గ్లాసు దించింది.

"నా షుగరు ముచ్చట నలుగుర్ల చెప్పెటప్పుడు నన్నడిగినవా రా?"

ఆయన తల్లి వైపు చూడలేదు. గొంతు తగ్గించి భార్యను అడిగాడు, "మరి రేపటి రెంజల్ దావాకు వాదన ఎవరు రాస్తరు?"

చీర కుచ్చిళ్ల పిన్ను తీస్తూ, కోపమేమీ లేకుండా చెప్పింది రజిని:

"మీరే రాసుకోండ్రి."