నడిసముద్రంలో చెరువుల వెలుగు

పట్టపగలు పన్నెండింటికి కిటికీలకి దుప్పట్లు కట్టి, తలుపుసందులో తువ్వాలు కుక్కి, గదిని చీకటి చేసుకుని కూర్చుంది కీర్తిప్రియ. వాళ్ల నాన్న శ్రీనివాసరాజుగారు తలుపు తోసి తొంగిచూసి, "ఏంటమ్మా, గ్రహణమా?" అని నవ్వుకుంటూ పోయారు. నవ్వరూ మరి! భీమవరంలో రొయ్యల చెరువులు చేసే ఇంటి పిల్ల, కంప్యూటర్లో సముద్రానికి రాత్రి తయారుచేస్తోందాయె.

అదొక యుద్ధనౌకల గేమ్. అందులో రాత్రంటే పగటికి నీలంరంగు పూసినట్టుండేది. అది చూసి ఒళ్లు మండి, అసలైన చీకటి, అసలైన ఓడ దీపాలు పెడుతూ తనే ఒక మోడ్, అంటే ఆ గేముకి తగిలించే కొత్త హంగు, మొదలెట్టింది. ఆరు నెలల చాకిరీ. ఆ గేముకి ఇలాంటి మోడ్‌లు చేర్చే బృందాన్ని నడిపే రాజమండ్రి ఉదయ్‌భాస్కర్ ఈమె రాత్రి తీసుకోవాలో, ఇంకొకాయన పంపిన రాత్రి తీసుకోవాలో ఆ సాయంత్రం ఐదింటికల్లా తేలుస్తానన్నాడు. పైగా, "సముద్రం మీద ఒక్క రాత్రైనా ఉన్నారాండీ మీరు?" అని ఓ పోటు పొడిచాడు. ఆ మాటకి కీర్తిప్రియకి రెండ్రోజులు అన్నం సహించలేదు.

అందుకే బుల్లియ్యని పిలిపించింది. ఇప్పుడు వాళ్ల చెరువుల దగ్గర వల లాగుతున్నాడు గానీ, ఉప్పాడలో ముప్పయ్యేళ్లు సముద్రం మీద చేపల వేటకెళ్లిన మనిషి.

"ఆయ్, కూర్చోమంటారాండి?" అంటూ కుర్చీ అంచున కూర్చున్నాడు. ఓడకి ఎడమన ఎరుపు, కుడిన ఆకుపచ్చ దీపాలు చూసి, "బేషుగ్గా ఉన్నాయండి" అన్నాడు. కీర్తిప్రియకి ప్రాణం లేచొచ్చింది.

"ఇంతకీ ఏ ఊరి రేవండి ఇది?"

"రేవేంటి బాబాయ్! ఒడ్డుకి మూడొందల మైళ్లు. నడిసముద్రం."

"మరి ఆ మూల ఆకాశం తెల్లగా ఉందేంటండి?"

కీర్తిప్రియ చూసింది. మళ్లీ చూసింది. ఓరి దేవుడోయ్! రాత్రి ఆకాశం కోసం తను ఫొటోలు తీసింది మేడ మీంచి. ఊరి చుట్టూ ఎటు చూసినా రొయ్యల చెరువులే, వాటి గట్ల మీద తెల్లవార్లూ దీపాలే. ఆ వెలుగు ఆకాశం అంచుకి ఎగబాకి ఉంటుంది. పుట్టినప్పట్నుంచీ చూస్తున్నదాయె, రాత్రంటే అలాగే ఉంటుందనుకుంది. ఆరు నెలలూ నాన్నగారి చెరువుల్ని తీసుకెళ్లి నడిసముద్రంలో పెట్టిందన్నమాట! సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

సిగ్గుపడుతూ కూర్చుంటే ఐదైపోతుంది. ఆ తెలుపంతా తుడిచేసి గేమ్ మళ్లీ నడిపింది. ఈసారి నీళ్లెక్కడో ఆకాశమెక్కడో తెలియలేదు. బుల్లియ్య బల్ల అంచుని గట్టిగా పట్టుకున్నాడు.

చాలాసేపటికి దూరంగా చిన్న దీపం.

"అదిగోనండి, మనుషులు!" అన్నాడు.

"శత్రువుల ఓడ బాబాయ్. కాల్చాలి."

"అమ్మమ్మా, ఆగండి తల్లీ! ఓసారి ఇంజను పోయి రెండు రాత్రులు కొట్టుకుపోయామండి. ఇలాంటి దీపమే కనపడింది. ఎవరిదైతే ఏంటండి, అందరం ఏడ్చేశాం."

కీర్తిప్రియ మీట మీంచి వేలు తీసేసి, మోడ్‌ని ఉన్నదున్నట్టు రాజమండ్రి పంపేసింది.

ఐదు దాటిన పది నిమిషాలకి ఫోన్ మోగింది. "ఆడి చూశానండి. రాత్రి మీదే, ఖాయం" అన్నాడు ఉదయ్‌భాస్కర్. "అంత చీకట్లో, దూరంగా ఓ దీపం కనపడిందండి."

"కాల్చారా?"

"చేతులు రాలేదండి."