పొగగొట్టానికీ గేర్‌బాక్సుకీ ఏం చుట్టరికం

టిప్పర్ నడిపే ఆ మనిషిని రాళ్ల క్వారీలో అందరూ వదిన అనే పిలిచేవారు. మొదట్లో ఆ పిలుపు ఆమె మరిది ఒక్కడిదే. వాడు మెకానిక్కు. వాడి షెడ్డుకు రాని బండి లేదు కనుక, వాడి నోట విని డ్రైవర్లూ, క్లీనర్లూ, చివరికి ఆమె కంటే పాతికేళ్లు పెద్దవాడైన కాటా గుమాస్తా కూడా వదినా అనడం మొదలుపెట్టారు. ఇంతమంది మరుదుల్ని మా అత్తగారు ఎప్పుడు కన్నదో అని ఆమె నవ్వేది. భర్తకు చూపు మందగించి స్టీరింగు వదిలేశాక బండి ఆమె చేతికొచ్చింది. పాతది ఇచ్చేసి కొత్తది తెచ్చుకుని ఏడాదిన్నర అవుతోంది. ఆ కొత్త బండికి కంపెనీ మూడేళ్ల వారంటీ రాసిచ్చింది.

బండి బాగానే ఉంది గానీ దాని పొగగొట్టం కింద, పక్కకు తిరిగి ఉండేది. కంకర మీద ఆగినప్పుడల్లా నేల మీది దుమ్మంతా లేపి, లోడు మీద టార్పాలిన్ కట్టేవాళ్ల కళ్లలో కొట్టేది. ఒకామె రెండు రోజులు కళ్లు తెరవలేక ఇంట్లో పడి ఉంది. మూడోరోజు వదిన బండిని మరిది షెడ్డుకు తోలి, ఆ గొట్టం ఊడదీయించి, క్యాబిన్ వెనక నిటారుగా ఇంకొకటి నిలబెట్టించింది. పొగ ఆకాశానికి పోయింది, కళ్లు బతికాయి. అదే ఊపులో మరిది, ఎత్తు ఎక్కేటప్పుడు ఆయాసపడకుండా ఉంటుందని, సబ్బుపెట్టెంత డబ్బా ఒకటి ఇంజన్ వైర్ల మధ్య తగిలించాడు. అది ఉంటే ఇంజన్ నాలుగు చుక్కల డీజిల్ ఎక్కువ తాగి, దానికి తగ్గ బలం చూపిస్తుంది. రెండూ వదినకు తెలిసి జరిగినవే. తెలియదని ఆమె ఏనాడూ అనలేదు.

ఒకరోజు పొద్దున్నే లోడుతో ఎత్తు ఎక్కుతుంటే గేర్‌బాక్సులోంచి రోట్లో గులకరాళ్లు వేసి నూరుతున్నట్టు మోత వచ్చింది. నాలుగు గజాలు పోయేసరికి బండి మొరాయించింది. ఇంకో బండికి కట్టి లాక్కొచ్చి షెడ్డులో పడేశారు. కొత్త గేర్‌బాక్సు సొంతంగా కొనే తాహతు లేదు. కంపెనీ మార్చి ఇస్తే బండి ఉంటుంది, లేకపోతే అమ్ముకోవాలి. ఆ ఇంటికి తిండి పెట్టేది ఆ బండి ఒక్కటే.

అక్కడి మెకానిక్కులకు ఒక అలవాటుంది. కంపెనీకి పంపే ముందు బండికి తాము తగిలించినవన్నీ ఊడదీసి, పాత సామాను పాత చోట్ల పెట్టేస్తారు. దాన్ని వాళ్లు స్నానం చేయించడం అంటారు. వదినకు అది మొదటినుంచీ నచ్చలేదు. ఉన్నదున్నట్టు తీసుకెళ్దామంది. అందరూ చేసేదే కదా వదినా, నువ్వొక్కదానివే సత్యం మోసుకు తిరుగుతావా అని మరిది నవ్వాడు. నవ్వుకు లొంగి ఊరుకుంది. ఆ ఊరుకోవడమే ఆమె చేసిన పొరపాటు.

మరిది చేతిపని శుభ్రమైనది. ఆ శుభ్రమే కొంప ముంచింది. నిలువు గొట్టం దించి, పాతది బిగించి, డబ్బా పీకి, వైర్లను మళ్లీ ముద్దుగా కొత్త తెల్ల పట్టీలతో కట్టి, చేతులు పడ్డ చోటల్లా గుడ్డ పెట్టి తుడిచాడు. ఏడాదిన్నర క్వారీ దుమ్ము పేరుకున్న ఇంజనులో ఆ జానెడు మేర మాత్రం పెళ్లికూతురి బుగ్గలా మెరిసిపోయింది.

బండిని కంపెనీ సర్వీసు సెంటరుకు లాక్కెళ్లారు. అక్కడి మేనేజరు కుర్రవాడే, నలగని చొక్కా వేసుకున్నవాడు. మర్యాద తెలిసినవాడు కూడా. ఇంజన్ మూత ఎత్తాడు. తెల్ల పట్టీల మీద వేలు పెట్టి, వదిన వైపు చూసి, మరిది వైపు చూశాడు. మరిది తల గోక్కున్నాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టే అయింది. బండిలో మార్పులు చేశారు, పైగా దాచారు, కనుక వారంటీ రద్దు, గేర్‌బాక్సు విప్పి చూసే పని కూడా లేదు అని మేనేజరు మెత్తగా చెప్పి, ఆ మాటే కాగితం మీద రాసి చేతికిచ్చాడు.

బండిని అక్కడే వదిలి ఇంటికొచ్చాక మరిది పాత సామాన్ల కొట్లో ఎక్కడైనా వాడిన గేర్‌బాక్సు వెతుకుతానన్నాడు. భర్త మాత్రం, సరిగా ఆనని కళ్లతో ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, వాళ్లు విప్పి చూడకుండానే రోగం చెప్పారన్నమాట అన్నాడు. ఆ ముక్క వదినకు ముల్లులా గుచ్చుకుంది.

మర్నాడు ఆమె నిలువు గొట్టాన్ని గోనెపట్టాలో చుట్టి, డబ్బా చేతిసంచిలో వేసుకుని బస్సెక్కింది. గొట్టం ఆమె కంటే పొడుగు. దీనికి కూడా టిక్కెట్టు తీసుకోవాలని కండక్టరు పట్టుబట్టాడు. ఇది కూర్చోదు నాయనా, నిలబడే వస్తుంది, సగం టిక్కెట్టు కొట్టు అంది. బస్సంతా నవ్వింది. కండక్టరు ఏమీ కొట్టకుండానే ముందుకు పోయాడు.

సర్వీసు సెంటర్లో మేనేజరు బల్ల మీద గొట్టాన్ని అడ్డంగా పెట్టింది. మసి రాలి ఆయన కాగితాల మీద పడింది. పక్కన డబ్బా పెట్టింది.

“ఇదీ మా గొట్టం, ఇదీ మా డబ్బా. తీసి దాచడం మా తప్పు, ఒప్పుకుంటున్నాను. ఇక మీ రూలు పైకి చదవండి బాబూ. నాకు చదువు తక్కువ, కాస్త నిదానంగా చదవండి.”

మేనేజరు వారంటీ పుస్తకం తెరిచి చదివాడు. బయటి సామాను బిగించడం వల్ల కలిగిన నష్టానికి కంపెనీ బాధ్యత వహించదు అని అందులో ఉంది.

“మరి నష్టం దీనివల్లే అని మీకెవరు చెప్పారు? బోడిగుండుకీ మోకాలికీ ముడేశారు. పొగగొట్టానికీ గేర్‌బాక్సుకీ ఏం చుట్టరికం బాబూ? మేనత్త కొడుకా, మేనమామ కొడుకా?”

వెనక బల్లల మీద కూర్చున్న బండ్లవాళ్లు తలలెత్తారు. మేనేజరు ముఖం ఎర్రబడింది గానీ గొంతు పెంచలేదు. గొట్టం సంగతి వదిలేద్దాం, డబ్బా మాటేమిటి అన్నాడు. ఇంజన్ బలం పెంచితే ఆ దెబ్బ తగిలేది గేర్‌బాక్సుకే కదా అన్నాడు.

“అది అడగాల్సిన మాటే,” అంది వదిన. “విప్పండి. డబ్బా చేసిన పనైతే గేరు పళ్లు విరిగుంటాయని మా మరిది అంటున్నాడు. ఒక్క పన్ను విరిగి కనపడినా నోరెత్తకుండా పోతాను. విప్పకుండా మాత్రం పోను.”

పోలేదు. ఆ రోజంతా ఆ ప్లాస్టిక్ కుర్చీలోనే కూర్చుంది. మర్నాడు తలుపులు తెరిచేసరికి మళ్లీ అదే కుర్చీ. ఊరికే కూర్చునే రకం కాదు ఆమె. వచ్చినవాళ్లందర్నీ పలకరించి, మీ బండికేమైంది, మీకేం చెప్పారు, విప్పి చెప్పారా, విప్పకుండానే చెప్పారా అని అడిగేది. సాయంత్రానికి ముగ్గురు బండ్లవాళ్లు తమ కాగితాలు పట్టుకుని మేనేజరు బల్ల దగ్గర నిలబడ్డారు. ఆయన వాళ్లను చూశాడు, కుర్చీని చూశాడు, లోపలి హెడ్ మెకానిక్కును పిలిచి విప్పమన్నాడు.

ఆ హెడ్ మెకానిక్కును అక్కడ బాబాయ్ అంటారు. ముప్ఫయ్యేళ్లుగా ఇనుమే తప్ప మనుషులతో పెద్దగా మాట్లాడనివాడు. గేర్‌బాక్సు దించి, నూనె వంచి, ఒక్కొక్క గేరూ తీసి గుడ్డ మీద వరసగా పెట్టాడు. వదిన పక్కనే గొంతుక్కూర్చుని పళ్లు లెక్కపెట్టింది. కబురు విని వచ్చిన మరిది ఆమె వెనకే వంగి చూశాడు. ఒక్క పన్ను విరగలేదు. వెనకాల బేరింగు మాత్రం నీలం రంగుకు తిరిగి, మాడి, ముక్కలై ఉంది.

బాబాయ్ దాన్ని పక్కన పెట్టి, బేరింగుకు నూనె అందాల్సిన రంధ్రంలో సన్నని తీగ దూర్చాడు. తీగ సగం దూరి ఆగిపోయింది. తిప్పి చూశాడు, దీపం పెట్టి చూశాడు. తర్వాత తీగను మేనేజరు చేతికిచ్చాడు.

“మీరే దూర్చి చూడండి బాబూ. ఇది ఫ్యాక్టరీలో పూర్తిగా తొలవలేదు. పాపం ఆ బేరింగు, చిందిన చుక్కల మీదే ఏడాదిన్నర బతికింది.”

మేనేజరు చొక్కా చేతులు మడుచుకుని మోకాళ్ల మీద వంగి రెండుసార్లు దూర్చాడు. లేచి చేతులు తుడుచుకుని, గేర్‌బాక్సు మార్చి ఇస్తామమ్మా అన్నాడు. అంటూనే లోపలికెళ్లి ఇంకో కాగితం తెచ్చాడు. సంతకం పెట్టాలన్నాడు.

వదిన ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ పైకే చదివింది. అరగంట పట్టింది. మేనేజరు నిలబడే ఉన్నాడు. అందులో రెండు షరతులున్నాయి. నిలువు గొట్టం మళ్లీ బిగించకూడదు. డబ్బా వాడినందుకు ఇంజనుకు ఇక వారంటీ ఉండదు. ఆమె పెన్ను తీసుకుని గొట్టం మాట ఉన్న వరుసను ఈ చివర్నుంచి ఆ చివరికి కొట్టేసింది. కింద సంతకం పెట్టబోయింది.

మరిది చెయ్యి పట్టుకున్నాడు. “అదేంటి వదినా, ఇంజన్ సంగతి వదిలేశావు? దాన్నీ కొట్టెయ్. ఇప్పుడు మనమేం చెప్పినా వింటారు.”

“ఇంజనుకు ఎక్కువ తాగించింది మనమా, వీళ్లా?” అంది. “దానికేమన్నా అయితే మనమే పడదాం. వాళ్ల తప్పు వాళ్లు మోస్తున్నారు, మన తప్పు కూడా వాళ్ల నెత్తినే పెడతావేంటి?”

మేనేజరు నసుగుతూ, కంపెనీ కాగితం మీద అలా గీతలు గీయకూడదమ్మా అన్నాడు.

“మీ కంపెనీ ఇనుములో రంధ్రం మరిచిపోవచ్చు గానీ నేను కాగితం మీద గీత గీయకూడదా? గొట్టం కిందికి దించితే టార్పాలిన్ కట్టేవాళ్ల కళ్లకు ఎవరు రాసిస్తారు వారంటీ? మీరు రాసిస్తారా?”

బాబాయ్ అటు తిరిగి రెంచీలు సర్దుకోసాగాడు. భుజాలు మాత్రం కదులుతున్నాయి. మేనేజరు ఆ గీత పక్కన తన పొట్టి సంతకం పెట్టాడు. వదిన కింద తన పేరు నిండుగా, అక్షరం అక్షరం విడదీసి రాసింది.

నాలుగు రోజులకు కొత్త గేర్‌బాక్సు చెక్కపెట్టెలో వచ్చింది. క్రేను గొలుసు తగిలించి ఎత్తబోతుంటే వదిన అడ్డంగా వెళ్లి నిలబడింది. మూత తీసి చూపించమంది. అది కంపెనీ ముద్ర వేసి పంపినదమ్మా, విప్పితే ఎలా అన్నాడు మేనేజరు. పాతదాని మీద కూడా ఆ ముద్రే ఉంది అంది ఆమె. బాబాయ్ ఎవరినీ అడక్కుండా వంగి మూత బోల్టులు విప్పి, తీగ ఆమె చేతికే ఇచ్చాడు. ఆమె మోకాళ్ల మీద కూర్చుని, నాలుక పళ్ల మధ్య పెట్టుకుని, నిదానంగా దూర్చింది. అవతలి వైపు నుంచి తీగ కొస బయటికొచ్చింది. అది వేళ్లతో పట్టుకుని ఇటూ అటూ నాలుగుసార్లు లాగి చూసి లేచింది.

“ఇప్పుడు ఎక్కించండి,” అంది.