డబ్బాకు కట్టిన పట్టీ

కొండ మీది సైనిక శిబిరంలో ఆ జీపు డ్రైవరును కన్నవాళ్ళు పెట్టిన పేరుతో పిలిచినవాడే లేడు. అందరికీ వాడు రేపటోడు. బ్యాటరీకి పట్టిన తెల్లపూత గోకవేమిరా అంటే రేపు. ఇంజనులో ఆయిలు ఎప్పుడు మారుస్తావు అంటే రేపు. పానాల సంచిలో పన్నెండు ఉండాలి కదా, పదో నంబరుది ఒక్కటే మిగిలిందేమిటంటే, "తక్కినవి రేపు వెతుకుతాలెండి" అనేవాడు. బండి మాత్రం బ్రహ్మాండంగా నడిపేవాడు, కాదన్నవాడి కళ్ళు పోతాయి. మేక కూడా ఆలోచించి అడుగేసే దారిలో, చంటిపిల్లను ఎత్తుకున్నట్టు దించుకొచ్చేవాడు.

వాడి అక్క మొగుడు కూడా ఆ శిబిరంలోనే ఉండేవాడు. గాయాలకు కట్లు కట్టడం ఆయన పని, అందుకని ఆయన కట్లాయన. పెద్ద చండశాసనుడు. ప్రతి సైనికుడి నడుముకీ ఒక చిన్న సంచి ఉండేది. అందులో ఒక కత్తెర, ఒక దూది కట్టు, రక్తం ఆపే పట్టీ ఒకటి. ఆ పట్టీకి ఒక పుల్ల ఉంటుంది. గాయానికి పైన పట్టీ చుట్టి, పుల్ల మెలితిప్పితే రక్తం ఆగుతుంది. వారానికోసారి కట్లాయన అందరి సంచులూ విప్పించి, పట్టీ లాగి చూసి, కాగితం మీద సంతకం పెట్టేవాడు. "ఎండ తగలకూడదు, నూనె తగలకూడదు, ఇంకో పనికి వాడకూడదు. వాడారో, అది పట్టీ కాదు, పీలిక" అని ఒక్కొక్కడికీ నూరిపోసేవాడు. మురికి పట్టీ కనిపిస్తే ఎంతటివాడినైనా ఎండలో నిలబెట్టేవాడు.

ఒక్క బామ్మర్దిని తప్ప. తల్లి పోయిన ఆరేళ్ళ పిల్లాడిగా, అక్క కొంగు పట్టుకుని ఆ ఇంటికొచ్చినవాడు వాడు. కట్లాయన భుజం మీదే పెరిగాడు. ఆ భుజానికి ఆ బరువు ఇంకా గుర్తున్నట్టే ఉంది, వాడి దగ్గరికొచ్చేసరికి ఆయన నోరు మెత్తబడేది.

జీపు వెనక నీళ్ళ డబ్బా ఒకటుండేది. గతుకుల్లో అది లడలడ కొట్టుకుంటుంటే చెవులు చిల్లులు పడేవి. తాడు తెచ్చుకోవాలంటే సరుకుల గది దాకా నడవాలి. నడిచేవాడైతే రేపటోడెలా అవుతాడు? నడుముకున్న సంచిలోంచి పట్టీ తీసి డబ్బాకు బిగించాడు. చక్కగా కుదిరింది. తనిఖీ రోజున విప్పి, తుడిచి, మడిచి సంచిలో పెట్టేవాడు. సంతకం పడగానే మళ్ళీ డబ్బాకే. అలా ఎనిమిది నెలలు ఎండకెండింది, వానకు తడిసింది, ఆయిలు తాగింది.

ఆ రోజు పొద్దున ఇద్దరూ మందుల కోసం కిందికి బయలుదేరారు. బయలుదేరే ముందు, ఒకడి సంచి వానలో నానిపోయిందంటే కట్లాయన తనది విప్పి ఇచ్చేశాడు. "మేమిద్దరం కిందికేగా వెళ్ళేది. మాకు వీడిదొకటి చాల్లే" అన్నాడు. ఆ మాట విని రేపటోడు జీపు వెనక డబ్బా వైపు ఓసారి చూశాడు. కిందికి వెళ్ళాక కొత్తది అడగాలి అనుకున్నాడు. రేపు.

వాగు దగ్గర డబ్బా నింపుకుందామని ఆగారు. అప్పుడు పడింది ఫిరంగి గుండు. ఎక్కణ్ణుంచి వచ్చిందో ఏమో, వాగుకు అవతల పేలింది. రేపటోడు మట్టిలోంచి తల ఎత్తి చూస్తే బావ నీళ్ళ అంచున వెల్లకిలా ఉన్నాడు. తొడ మీద ఖాకీ గుడ్డ చిరిగి, అందులోంచి రక్తం కారడం కాదు, తన్నుకొస్తోంది. ఆగుతూ, తన్నుకొస్తూ.

"బావా! బావోయ్!"

"అరవకు. బతికే ఉన్నా." కట్లాయన ముఖం సున్నంలా పాలిపోయింది గానీ గొంతు తరగతిలో చెప్పినట్టే ఉంది. "పెద్ద నాళం తెగింది. పట్టీ తీయ్. త్వరగా."

చెయ్యి సంచి మీదికి పోయింది. సంచి ఖాళీ. వాడు జీపు వెనక్కి పరుగెత్తాడు. డబ్బాకు బిగించిన పట్టీని గోళ్ళు ఊడేలా లాగాడు. తెచ్చి గాయానికి జానెడు పైన చుట్టాడు. అంటుకోవాల్సిన గరుకు అంచంతా మట్టి పట్టి, అంటుకోనని జారిపోయింది. ముడి వేశాడు. పుల్ల తిప్పాడు. ఒకటి. రెండు. రక్తం నెమ్మదించింది. మూడోది తిప్పగానే, ఎండకు తెల్లబడిపోయిన ఆ పుల్ల పుటుక్కున విరిగి చేతిలోకి వచ్చింది.

మళ్ళీ తన్నుకొచ్చింది రక్తం.

"అయ్యో! బావా, విరిగిపోయింది, బావా..."

"ఏడిస్తే అతుక్కుంటుందా? మోకాలు పెట్టు. గజ్జలో. నీ ఒళ్ళు బరువంతా వెయ్యి. తిన్నదంతా ఎక్కడికి పోయిందిరా, వెయ్యి!"

వేశాడు. కట్లాయన కేక కొండకు తగిలి తిరిగొచ్చింది. రక్తం కాస్త తగ్గింది. కానీ మోకాలు తీస్తే మనిషి పోతాడు, తియ్యకపోతే జీపు కదలదు. నడుముకు చిన్న రేడియో ఉంది, ఆ లోయలో దానికి గురగుర తప్ప మాట రాదు.  దేవుడా, నన్ను తీసుకుపో, ఈయన్ని వదిలెయ్యి అనుకున్నాడు రేపటోడు.

"చొక్కా," అన్నాడు కట్లాయన. "విప్పి వెడల్పుగా మడువు. నాలుగు వేళ్ళ వెడల్పు ఉండాలి. సన్నగా చుడితే కండ కోసుకుపోతుంది. విరగనిది ఏదన్నా పెట్టి తిప్పు."

విరగనిది జేబులో ఉంది. పదో నంబరు పానా. మోకాలు తియ్యకుండానే చొక్కా విప్పి, చుట్టి, ముడి మధ్యలో పానా దూర్చి తిప్పాడు. తిప్పినకొద్దీ బావ పళ్ళు పటపటలాడాయి. వీడి కళ్ళ నీళ్ళు పానా మీద పడి జారాయి. నాలుగో మెలికకు రక్తం ఆగింది. బూటు లేసు ఊడదీసి పానా కదలకుండా కట్టేశాడు.

"టైమెంత?"

"పదీ ఇరవై."

"నా నుదుటి మీద రాయి. అది చూడకపోతే, కట్టు బిగించి ఎంతసేపైందో డాక్టరుకు తెలీదు."

కలం లేదు. వాడు ఇంజను మూత ఎత్తి, ఆయిలు కొలిచే పుల్ల బయటికి లాగాడు. తారులా నల్లగా ఉంది. వేలు ముంచి బావ నుదుటి మీద రాశాడు. అంత నొప్పిలోనూ కట్లాయన పెదవి వంకర తిరిగింది.

"ఆయిలు మార్చకపోవడం ఇవాళ కలిసొచ్చిందిరా."

బావను ఎత్తి వెనక పడుకోబెట్టి, దుప్పటి కప్పి, తాళం తిప్పాడు. టక్. అంతే. మళ్ళీ తిప్పాడు. టక్. పేలుడు కుదుపుకు, బ్యాటరీకి తీగను పట్టి ఉంచే క్లాంపు ఊడివచ్చింది. చుట్టూ సున్నం వేసినట్టు తెల్లపూత. కత్తితో వెర్రెత్తినవాడిలా గోకాడు. గోకి, క్లాంపు పెట్టి, బిగించబోయి ఆగిపోయాడు.

బిగించాలంటే పదో నంబరు పానా కావాలి.

పానా బావ తొడ మీద ఉంది. ఉన్నది అదొక్కటే. మిగతా పదకొండూ ఏ మట్టిలో ఉన్నాయో. వాడు అక్కడే కూలబడ్డాడు. జీపు పల్లంలో ఉంది, ఒక్కడు నెడితే కదలదు. ఎనిమిది నెలల రేపులన్నీ కలిసొచ్చి ఆ నాలుగడుగుల ఇనుప మూత కింద కూర్చున్నట్టు అనిపించింది వాడికి.

"ఏమైందిరా?" గొంతు సన్నబడింది.

"పానా కావాలి బావా."

 "విప్పావంటే నీ అక్కకు మొగుడుండడు" అన్నాడు కట్లాయన. "మేకు. మందుల పెట్టెకు ఉంటుంది చూడు. క్లాంపుకీ బ్యాటరీకీ మధ్య దిగ్గొట్టు. నిరుడు నువ్వే కదరా నాకు చూపించావు, పెద్ద పనిమంతుడిలా."

ఖాళీ పెట్టె పలక పీకి, మేకు లాగి, వాగులో రాయితో దిగ్గొట్టాడు. రెండుసార్లు రాయి వేలి మీద పడింది. నొప్పి తెలియలేదు. తాళం తిప్పాడు. ఇంజను దగ్గింది, దగ్గింది, పట్టుకుంది.

దారంతా కట్లాయన నీళ్ళడిగాడు. డబ్బా ఆయన తలపక్కనే కట్టు లేక లడలడ కొట్టుకుంటోంది, అడుగున మిగిలిన నీళ్ళు గలగలమంటున్నాయి.

"ఒక్క గుక్క రా. నీకు దండం పెడతా."

"ఆపరేషను కత్తి పడే మనిషికి నీళ్ళు పొయ్యొద్దని నువ్వేగా చెప్పావు!"

"చెప్పినవాణ్ణి నేనే, ఇప్పుడు పొయ్యమంటున్నవాణ్ణీ నేనే. పొయ్యరా, నిన్ను మోసిన భుజం రా ఇది!"

వాడు చేతిగుడ్డ తడిపి వెనక్కి చాపి, ఆయన పెదవులకు అద్దాడు. అంతకుమించి ఇవ్వలేదు. దారి కనిపించలేదు, కళ్ళల్లో నీళ్ళకి. కాసేపటికి అడగడం మానేశాడు కట్లాయన. అది ఇంకా భయం. "బావా, తిట్టు! నన్ను తిట్టు బావా!" అని అరుస్తూ నడిపాడు. ఎక్కడో ఒక చిన్న తిట్టు వినిపించినప్పుడల్లా వాడికి ఊపిరి వచ్చేది.

ఆసుపత్రి వాకిట్లో డాక్టరమ్మ ఆయన నుదురు చూసింది. "పదీ ఇరవై. ఎవరు రాశారు?" అంది. చొక్కా లేకుండా, మోచేతుల దాకా రక్తంతో నిలబడ్డ రేపటోడు చెయ్యెత్తాడు. "మంచి పని చేశావు" అని ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది. ఆ మాట వాడికి చెప్పు తీసుకు కొట్టినట్టు తగిలింది.

ప్రాణం దక్కింది. కాలు దక్కలేదు. ఎముక నుగ్గయిందట. మోకాలి పైదాకా తీసేశారు.

మూడో రోజు కట్లాయన కళ్ళు తెరిచి మాట్లాడాడు. అప్పటికి అక్క ఫోను రెండుసార్లు వచ్చింది. రేపటోడు మంచం పక్క బల్ల మీద కూర్చుని, విరిగిన పుల్లను అరచేతిలో తిప్పుతున్నాడు.

"బావా, అది డబ్బాకు కట్టాను."

"తెలుసు."

"తెలుసా?"

"గుడ్డివాణ్ణా? ప్రతి వారం ఆయిలు మరక చూస్తూనే ఉన్నా. ఇంకొకడిదైతే మొహాన కొట్టేవాణ్ణి. నీది గనక..." కట్లాయన కళ్ళు పైకప్పు వైపు తిప్పుకున్నాడు. "ముప్పై రెండు సంతకాలు రా. అన్నీ నావే. ఆ పొద్దున నా సంచి ఇచ్చేసేటప్పుడు కూడా ఆ మరక గుర్తొచ్చింది. కొత్తది రేపిద్దాంలే అనుకున్నా."

మళ్ళీ ఫోను మోగింది. అక్క ఏడుస్తూనే అంది, "నా తండ్రీ, నువ్వు లేకపోతే నా పసుపుకుంకాలు..."

"అక్కా, ఆగు. ముందు నా మాట విను" అన్నాడు వాడు. డబ్బా సంగతి, పట్టీ సంగతి, పానా సంగతి, ఒక్కటీ దాచకుండా చెప్పాడు. చెబుతుంటే మధ్యలో కట్లాయన చెయ్యి చాపి, ఫోను కోసం వేళ్ళు ఆడించాడు. అందుకుని, "వాడు సగమే చెప్పాడు. మిగతా సగం నాది" అని తన సంతకాల సంగతి చెప్పాడు.

 

"దొందూ దొందే" అంది అక్క. ఏడుపు ఆగిపోయింది. "వాడికివ్వండి ఫోను."

వాడు చెవికి పెట్టుకున్నాడు.

"ఇప్పుడా డబ్బాను దేంతో కట్టావురా?"

 నిన్న తెల్లారగానే, ఎవరూ చెప్పకుండానే, ఆసుపత్రి సరుకుల గది దాకా నడిచి వెళ్ళాడు వాడు.

"తాడుతో అక్కా" అన్నాడు.