పడుకో అన్న మాట

తడిసిన గడ్డి వాసన.

న్యూజీలాండ్‌లోని పాపకూర మైదానం మీద పొద్దుటి నుంచి కురిసిన వాన ఇప్పుడే తెరిపిచ్చింది. గోల్‌పోస్టుల వెనక సీగల్ పక్షులు తీరిగ్గా తిరుగుతున్నాయి. వాటికేం, మ్యాచ్ వాటిది కాదు.

యోగేంద్ర మైదానం గీతకి బయట నిలబడ్డాడు. ఫుట్‌బాల్ టీము మేనేజర్ నిలబడాల్సిన చోటే.

కానీ కుడికాలు మాట వినదు. బంతి ఇటు వస్తే చాలు, ముందుకు లేస్తుంది...

ఒకప్పుడు ఆ కాలే అతని పేరు. ఫిజీలో, లంబాసా ఊళ్లో, డిఫెండర్ యోగేంద్ర అంటే ఎదుటివాళ్లు పక్కదారి చూసుకునేవాళ్లు. పరుగెత్తుకొచ్చి, నేల మీద జారి, కాలు చాపి బంతిని తన్నేసేవాడు. లేచేసరికి ఒళ్లంతా మట్టి. ముఖమంతా నవ్వు.

తర్వాత మోకాలు పోయింది. ఆట పోయింది. న్యూజీలాండ్ వచ్చాడు, బస్సు నడిపాడు, కామినిని పెళ్లాడాడు, ఈ చిన్న క్లబ్బుకి మేనేజర్ అయ్యాడు. కాలు మాత్రం ఇంకా డిఫెండరే.

ఇవాళ ఆఖరి మ్యాచ్. ఓడితే టీము కింది డివిజన్‌కి పోతుంది, యోగేంద్ర ఇంటికి పోతాడు. కమిటీవాళ్లు ఆ మాట నవ్వుతూనే చెప్పారు. డ్రా అయినా చాలు.

చాలు —

అతనికి వచ్చిన తెలుగు మాటల్లో అదొకటి. చిన్నప్పుడు అవ్వ దగ్గర నేర్చినవే అన్నీ. తాతల కాలంలో ఫిజీ చేరిన తెలుగు ఇల్లు వాళ్లది. దా. తిను. చాలు. పడుకో. అన్నం పెట్టి జోకొట్టే తెలుగు. మిగతాదంతా ఫిజీ హిందీ మింగేసింది.

టీములో సగం మంది తెలుగువాళ్లు, చదువుకోడానికొచ్చి ఇక్కడే సెటిల్ అయినవాళ్లు. ఎదుటి టీముకి అర్థం కాకూడదని ఆ కాసిని మాటల్నే ఆటలోకి దించాడు. దా అంటే ముందుకు రమ్మని. చాలు అంటే వెనక్కి తగ్గమని. పడుకో అంటే... జారి, కాలు చాపి, బంతిని తన్నమని.

మొదటిసారి ఆ మాట అరిచిన రోజు డిఫెండర్ శ్రీవత్స ఉన్నచోటే ఆగి పగలబడి నవ్వాడు. వరంగల్ కుర్రాడు. బంతి పక్కనుంచి దర్జాగా వెళ్లి గోల్లో పడింది.

"గ్రౌండ్ల పండుకోమంటరేంది అంకుల్!"

యోగేంద్రకి సిగ్గేసింది. అవ్వని చూసి నవ్వినట్టనిపించి కోపమూ వచ్చింది. అయినా మాట మార్చలేదు. ఇంకో మాట అతని దగ్గర లేదు.

ఇప్పుడు ఆఖరి నిమిషాలు. స్కోరు సమానం. విరామంలో కామిని కోసిచ్చిన నారింజ తొక్కలు ఇంకా అతని గుప్పిట్లోనే ఉన్నాయి, నలిగి, ముద్దయి.

బంతి ఎదుటివాళ్లకి చిక్కింది.

పొడుగాటి కుర్రాడొకడు ఒంటరిగా గోల్ వైపు దూసుకొస్తున్నాడు. వెనకాల శ్రీవత్స, ఒక్క అడుగు ఆలస్యంగా.

కుడికాలు లేచింది. గీత దాటబోయింది.

కాలు దాటలేదు. గొంతు దాటింది.

"పడుకో!"

శ్రీవత్స నవ్వలేదు. పడుకున్నాడు. తడి గడ్డి మీద నిలువునా జారి, కాలు చాపి — బంతినే తన్నాడు, మనిషిని కాదు. బంతి పోస్టు పక్కనుంచి సీగల్స్ మధ్యలోకి దొర్లింది. అవి తిట్టుకుంటూ లేచాయి.

ఆఖరి విజిల్.

హమ్మయ్య...

పైకే అన్నాడు. ఆ మాట కూడా అవ్వదేనని అప్పుడు గుర్తొచ్చింది.

కమిటీవాళ్లు దూరం నుంచే చెయ్యి ఊపారు. వచ్చే ఏడాది సంగతి ఎవరూ ఎత్తలేదు. ఎత్తకపోతే పోనీ.

మైదానంలోకి నడిచాడు. శ్రీవత్స జారిన చోట బురదలో పొడుగాటి చార. దాని పక్కనే కూర్చుని, మెల్లగా వెనక్కి వాలాడు. వారాలుగా కంటికి కునుకు లేదు. చొక్కా తడిసిపోతోంది. జలుబు చేస్తుందని కామిని కేకలేస్తోంది, హిందీలో.

శ్రీవత్స వచ్చి నిలబడ్డాడు. లేపుతాడనుకున్నాడు యోగేంద్ర.

"పండుకోండ్రి అంకుల్. జరసేపు పండుకోండ్రి."

ఆ మాటని ఇంత మర్యాదగా అతనితో ఎవరూ అనలేదు. అవ్వ అసలే అనలేదు.

కుడికాలు కదల్లేదు.

సీగల్స్ ఒక్కొక్కటే తిరిగొచ్చి వాలుతున్నాయి. వాన మళ్లీ వస్తుందో, రాదో —

తడిసిన గడ్డి వాసన.