హన్మాండ్లు సాక్ష్యం

రియాద్‌లో బతా బజారు సందుల వెనక, పాత మేడ రెండో అంతస్తులో ఆరుగురు మనుషుల గది అది. తిండికి కటకటలాడిన రోజులున్నాయి గానీ ఆ గదిలో పొగ లేని రోజు లేదు. అందరిలోకీ ఎక్కువ ఊదేది బాలన్న. జగిత్యాల పక్కన పల్లె అతనిది. ఏసీలు బాగుచేసే పని. పొద్దున కళ్ళు తెరవకముందే చెయ్యి దిండు కింద డబ్బీ వెతుక్కునేది.

ఆ రోజుల్లో ఫోను మీద తీరిగ్గా మాట్లాడే భాగ్యం ఎవరికుంది? ఊరికి ఎవడు సెలవు మీద పోతున్నా వాడి చేతికి క్యాసెట్లిచ్చి పంపేవారు. టేపురికార్డరు ముందు కూచుని మనసులో ఉన్నదంతా కక్కితే, ఇంటివాళ్ళు దాన్ని అరిగిపోయేదాకా వినేవారు. బాలన్న ఒకసారి పంపిన క్యాసెట్‌లో మాటల కంటే దగ్గే ఎక్కువుంది. అది విన్నది అతని కూతురు సృజన. ఏడో తరగతి చదువుతోంది. అంతకు రెండేళ్ళ ముందు బాలన్న వాళ్ళ అన్న బీడీలు తాగి తాగి, ఊపిరితిత్తులు కుళ్ళి, వాళ్ళింట్లోనే మంచం మీద పోయాడు. అతను నెత్తురు ఉమ్మితే బూడిద చిప్ప పట్టుకుని నిలబడింది ఆ పిల్లే.

మరుసటి శుక్రవారం ఎప్పట్లాగే ఊళ్ళో ఎస్టీడీ బూత్‌కి ఫోన్ కలిపాడు బాలన్న.

"బాపూ, నువ్వు గూడ పెద్దబాపు లెక్కనే దగ్గుతున్నవ్. నువ్వు సిగరెట్ ఇడిసేదాక నేను నీతోని మాట్లాడ," అంది సృజన. అని ఫోను తల్లి ముత్యవ్వ చేతిలో పెట్టి బయటికి పోయింది.

చిన్నపిల్ల మారాం, వారం తిరిగేసరికి మరిచిపోతుందనుకున్నాడు. అది మరవలేదు. వారం వారం ముత్యవ్వ గొంతే తప్ప పిల్ల గొంతు లేదు. బూత్ బయట కూచుని గోడకేసి చూస్తోందని మాత్రం ముత్యవ్వ చెప్పేది. వారమంతా ఎండలో డాబాల మీద మాడేది శుక్రవారం ఆ పిల్ల పలకరింపు కోసమే. అదే లేకపోయేసరికి అతనికి ఇక్కడ అన్నం సయించలేదు.

ఒకనాడు ఆసుపత్రిలో ఏసీ విప్పుతూ నిచ్చెన మీదే దగ్గు తెర వచ్చి కూలబడ్డాడు. మంచినీళ్ళు తెచ్చిచ్చిన నర్సు రత్నమణిది కాకినాడ వైపు. తెలుగు మాట వినగానే బాలన్న పిల్ల సంగతంతా చెప్పేశాడు.

"ఈ ఆసుపత్రిలోనే పొగ మాన్పించే గది ఒకటుంది తమ్ముడూ. డాక్టరుగారు అరబ్బీలో చెప్తారు, నేను తెలుగులో చెప్తాను, రా," అని తీసుకుపోయింది. నమిలే బిళ్ళలు ఇప్పించింది. వచ్చేటప్పుడు గుమ్మం దగ్గర ఆపి మరో మాట చెప్పింది. "బిళ్ళల వల్ల సగమే అవుతుంది. ఒంటరిగా ఎవరూ మానలేరు. మీ గదిలో అందరికీ చెప్పేయ్. అందులో ఒక గట్టి మనిషిని ఎంచుకుని, నన్ను కనిపెట్టుకుని ఉండు అని వాడి చేతిలో పడిపో. సిగ్గుపడకు."

బాలన్న ఎంచుకున్న గట్టి మనిషి హన్మాండ్లు.

హన్మాండ్లుది కోరుట్ల. బాలన్న కంటే నాలుగేళ్ళు పెద్ద. భార్య ఎప్పుడో ఇంకొకడితో వెళ్ళిపోయింది, పిల్లల్లేరు. శుక్రవారం అందరూ టెలిఫోన్ కేబిన్లలో దూరితే, ఇతను బయట అందరి సంచులూ పట్టుకుని నిలబడేవాడు. ఫోన్ చెయ్యడానికి ఇతనికి ఎవరూ లేరు. ఆ నిలబడటం చూసి గదిలోవాళ్ళు నవ్వుకునేవారే గానీ, ఒక్కడూ జాలిపడిన పాపాన పోలేదు.

"నా బిడ్డ కోసం అన్నా. నన్ను కొట్టినా సరే, తాగనియ్యకు," అన్నాడు బాలన్న.

హన్మాండ్లు ఆ మాటను అక్షరాలా పట్టుకున్నాడు. సాయంత్రం పని నుంచి రాగానే "నోరు తెరువు" అని వాసన చూసేవాడు. జేబులు తడిమేవాడు. కింద బకాలా అనే కిరాణా కొట్టు మలయాళీతో, వీడికి సిగరెట్ అమ్మితే కొట్టు తగలబెడతానన్నాడు. గదిలోనే ఉండే డ్రైవరు దస్తగిరి మాత్రం, "కొట్టబాకప్పా, లవంగం నోట్లో ఏస్కోమను, అదే పోతాది," అని నెమ్మదిగా చెప్పేవాడు. మిగతావాళ్ళకు ఇదొక తమాషా అయింది. కావాలని బాలన్న ముఖం మీద పొగ వదిలి, అతని ముక్కుపుటాలు అదరడం చూసి పందేలు కాసేవారు. ఒకసారి తట్టుకోలేక ఎవరో పారేసిన పీక నోట్లో పెట్టుకున్నాడు. హన్మాండ్లు చెంప ఛెళ్ళుమనిపించి పీక ఊడగొట్టాడు. పెదవి చిట్లింది. బాలన్న ఏడుస్తూనే అతని కాళ్ళు పట్టుకుని దండం పెట్టాడు.

ఏమైతేనేం, మానేశాడు. రంజాన్ నెల దాటేసరికి దగ్గు తగ్గింది. వేలి చివర పసుపు పోయింది. ముత్యవ్వకు ఫోన్‌లో చెప్తే సంతోషపడి పిల్లను పిలిచింది. పిల్ల రాలేదు. తల్లి చేత కబురు చెప్పించింది. బాపు చెప్తే నమ్మను, ఆయనతో ఉండేవాళ్ళు చెప్పాలి, ఒక్కొక్కరూ క్యాసెట్‌లో చెప్పి పంపాలి అని.

గదిలో స్వామి సెలవు మీద ఊరికి పోతున్నాడు. క్యాసెట్ పెట్టారు. బాలన్న ముందు తను మాట్లాడి, తర్వాత ఒక్కొక్కరి ముందుకీ టేపురికార్డరు జరిపాడు. దస్తగిరి ఖురాన్ మీద ఒట్టేసి చెప్పాడు. స్వామి చెప్పాడు. అందరూ చెప్పారు. ఆఖర్న హన్మాండ్లు వంతు.

ఆ గదిలో ఒక అలవాటుంది. ఎవరి క్యాసెట్ అయినా సరే, చివర్లో ఒకడు దూరి ఒక పుల్ల పెట్టాలి. వదినా, నీ మొగుడికి ఇక్కడ ఇంకో సంసారముంది అని. ఇంటి ఆడవాళ్ళకు అది తెలుసు, విని నవ్వుకుని తిడతారు. హన్మాండ్లు ముఖం గంభీరంగా పెట్టి, గొంతు తగ్గించి అన్నాడు:

"బిడ్డా సృజనా, నీకు నిజం చెప్పేటోడు ఈడ ఎవ్వడు లేడు. మీ బాపు ఇడువలే. బాత్రూముల దాసుకొని తాగుతడు. వీళ్ళందరు నిన్ను మోసం జేస్తుండ్రు."

గది గొల్లుమంది. బాలన్న కడుపు పట్టుకుని నవ్వాడు. ఆ నవ్వులన్నీ ఎక్కాక టేపు అయిపోయింది. చెరిపేద్దామా అన్నాడు దస్తగిరి. "ఉండనీ తీయ్, నవ్వుకుంటది," అన్నాడు బాలన్నే. నవ్వు నాలుగు విధాల చేటని పెద్దలు ఊరికే అనలేదు. నెలల తరబడి ప్రాణం పెట్టి సంపాదించుకున్నదాన్ని ఆ మూర్ఖుడు తన నోటితోనే, ఉండనీ అని పారేసుకున్నాడు.

క్యాసెట్ చేరిన వారం ఫోన్ చేస్తే ముత్యవ్వ పలకరించకుండానే అడిగింది. "ఏం పంపినవయ్యా? పిల్ల అన్నం తింటలేదు. నన్ను మోసం జేసి అందరు నవ్విండ్రు, బాపు గూడ నవ్విండు అంటున్నది."

"అది మజాకే! ఉత్తగ అన్నడే!"

"నాకు తెలుసు. దానికి ఎట్ల తెల్వాలె?"

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాడు. దస్తగిరి చేత చెప్పించాడు. నవ్వినవాళ్ళతో మాట్లాడనంది పిల్ల. రత్నమణి చేత చెప్పిద్దామని ఆసుపత్రికి పరుగెత్తితే, ఆమె ఎక్కడో దూరాన జిజాన్ ఊరికి బదిలీ అయిపోయింది. తనే పోదామంటే సెలవుకి ఇంకా ఏడాది పైనే ఉంది. చివరికి హన్మాండ్లునే కేబిన్‌లోకి లాక్కుపోయాడు. అతని పేరు చెప్పగానే సృజన ఫోన్ దగ్గరికి వచ్చింది.

"బిడ్డా, నేను ఉత్తగనే అన్న. మీ బాపు నిజంగనే ఇడిసిండు."

"బాపు నీ పక్కన ఉన్నడా?"

"ఉన్నడు."

"గందుకే గిట్లంటున్నవ్. నాకు తెలుసు. అందరు నవ్విండ్రు, నువ్వొక్కనివే నవ్వలే. నువ్వే నిజం చెప్పినవ్ పెద్దబాపూ."

పెద్దబాపు అన్న పిలుపు వినగానే హన్మాండ్లు ముఖం ఒక రకంగా మారిపోయింది. రిసీవరును ఇంకాస్త చెవికి అదుముకున్నాడు.

అప్పుడు బాలన్నకే తట్టింది ఆ ఉపాయం. తను పక్కన లేకుండా చెప్తే నమ్ముతుంది కదా! వచ్చే శుక్రవారం నుంచి హన్మాండ్లు ఒక్కడే కేబిన్‌లోకి పోవాలి, తను రోడ్డు అవతల జ్యూసు కొట్టు దగ్గర ఉంటాడు.

అలాగే జరిగింది. ఫోన్ ఖర్చు బాలన్నది, మాటలు హన్మాండ్లువి. బాలన్న అందరి సంచులూ భుజాన వేసుకుని రోడ్డు అవతల నిలబడేవాడు. హన్మాండ్లు బయటికి రాగానే ఎదురెళ్ళేవాడు.

"నమ్మిందా?"

"ఇంక లేదు. మెల్లగ నమ్ముతది. పిల్ల మనసు గదా!"

ఆపైన తన కూతురి ముచ్చట్లు తనకే చెప్పేవాడు. లెక్కల్లో ఫస్టొచ్చిందట. కుక్కపిల్లను తెచ్చుకుందట. రాత్రి కలలో పెద్దబాపు వచ్చాడట, ఏ పెద్దబాపో అడగలేదట. బాలన్న ఆబగా వినేవాడు. గురువారం రాత్రి హన్మాండ్లు చొక్కా ఇస్త్రీ చేసుకునేవాడు. శుక్రవారం పొద్దున్నే నున్నగా గడ్డం గీసుకునేవాడు. ఊరికి పోయేవాడి చేతికిచ్చి పిల్లకు రంగు పెన్సిళ్ళ డబ్బా కూడా పంపాడు, తన పేరు మీద. గదిలో అది చూసి దస్తగిరి, "ఏమప్పా బాలన్నా, నీ కూతురు నీకా, ఆయనకా?" అన్నాడు. బాలన్న నవ్వేశాడు గానీ ఆ మాట లోపల ముల్లులా దిగింది.

ఆ శుక్రవారం అతను జ్యూసు కొట్టు దగ్గర ఉండలేకపోయాడు. పిల్ల గొంతు రిసీవరు అంచుల్లోంచి సన్నగా వినబడినా చాలనుకున్నాడు. సంచులతోనే రోడ్డు దాటి, హన్మాండ్లు పక్క కేబిన్‌లో దూరి, మధ్యనున్న చెక్కకు చెవి ఆనించాడు. పిల్ల గొంతు వినబడలేదు. హన్మాండ్లు గొంతు వినబడింది.

"ఏం జెప్పాలె బిడ్డా... నిన్న గూడ తాగిండు. నేను కొట్టిన గూడ. ఇంటలేడు... ఏడువకు, ఏడువకు. నేనున్న గదా, చూస్కుంట. నువ్వు నాతోని మాట్లాడు, అంతే. వచ్చే శుక్రారం గూడ నేనే జేస్త."

కంచే చేను మేస్తుంటే ఇన్నాళ్ళూ బాలన్న గట్టు మీద నిలబడి కంచెకే దండాలు పెట్టాడు. చెక్క బద్దలు కొట్టి వాడి పీక నులమాలనిపించింది. చెయ్యి లేచింది కూడా. కానీ అరిస్తే అవతల పిల్ల వింటుంది. నిజం చెప్పిన పెద్దబాపును బాపు కొడుతున్నాడనుకుంటుంది. ఏం చేసినా అది హన్మాండ్లు సాక్ష్యానికే బలం. లేచిన చెయ్యి దించుకుని, చప్పుడు కాకుండా బయటికొచ్చి, రోడ్డు దాటి, ఉండాల్సిన చోటే నిలబడ్డాడు. అంత ఏడుపు అతనికి అన్న చచ్చిపోయినప్పుడు కూడా రాలేదు.

హన్మాండ్లు కేబిన్‌లోంచి వచ్చాడు. ముఖం కళకళలాడుతోంది.

"నమ్మిందా అన్నా?" అన్నాడు బాలన్న.

"నమ్ముతది తీయ్. ఇంకొన్ని దినాలు."

బాలన్న సంచులు నేల మీద పెట్టాడు. "ఒక సిగరెట్ ఇయ్యి."

హన్మాండ్లు ఉలిక్కిపడి అతని కళ్ళలోకి చూశాడు. చూసి, అర్థమై, తల దించుకున్నాడు. చెంప పగలగొట్టి పీక ఊడగొట్టిన మనిషే ఇప్పుడు జేబులోంచి డబ్బీ తీశాడు. ఒకటి బయటికి లాగి అందించాడు. గాలి వీస్తోంటే, అగ్గిపుల్ల ఆరిపోకుండా రెండు చేతులూ అడ్డం పెట్టి జాగ్రత్తగా వెలిగించాడు.

మొదటి పొగకే బాలన్నకు పాత దగ్గు తిరిగొచ్చింది.

వచ్చే శుక్రవారం హన్మాండ్లుకు అబద్ధమాడే పని తప్పింది.