ఉత్తుత్తి బోనులో

"ఈసారి ఇంకాస్త బాగా ఏడవాలి నువ్వు. పోయినేడాది వెనక వరసలకి వినపడలేదు."

మా ఆయన ఈ మాట అన్నప్పుడు నేను ఆయన నల్లకోటు ఇస్త్రీ చేస్తున్నాను. కోపం వచ్చింది. కానీ కాలరు దగ్గర మడత ఎంతకీ కూర్చోవడం లేదు, ముందు దాని సంగతి చూశాను.

మా న్యాయవాదుల సంఘం ఏటా లా విద్యార్థుల కోసం ఒక ఉత్తుత్తి కోర్టు నడుపుతుంది. పేదల పక్షాన, ఆడవాళ్ళ పక్షాన ఎలా వాదించాలో పిల్లలకి చేసి చూపించడం దాని ఉద్దేశం. సంఘానికి అధ్యక్షుడు మా ఆయన, కాబట్టి జడ్జి కుర్చీ ఆయనది. వాదించేది విద్యార్థులు. సాక్షిని నేను. ఒక ఏడు మొగుడు కొట్టిన భార్యని, ఇంకో ఏడు యజమాని గెంటేసిన పనిమనిషిని, మరో ఏడు కొడుకులు వదిలేసిన తల్లిని. తలలో ఒక్క వెంట్రుక నెరవకముందే ముసలితల్లిని కూడా అయిపోయాను. "మేడమ్ బోనెక్కితే నిజం కేసులాగే ఉంటుంది" అని అందరూ మెచ్చుకుంటారు. మా ఆయనా నేనూ ఒకే రోజు నల్లకోటు వేసుకున్నవాళ్ళమన్న సంగతి ఆ మెచ్చుకోలులో ఎవరికీ గుర్తుండదు. నా కోటు బీరువాలో పాత దుప్పట్ల కింద ఉంది. పాప పుట్టినప్పుడు కొన్నాళ్ళకని మానేశాను. ఆ కొన్నాళ్ళు ఇంకా అవలేదు.

ఈ ఏడు మాత్రం మనసు నిలకడగా లేదు. ఒక ప్యాకింగ్ ఫ్యాక్టరీలో కాన్పుకి సెలవడిగిన అమ్మాయిని తీసేశారు. ఇదేమిటని అడిగినవాళ్ళనీ తీసేశారు. వాళ్ళ నాయకురాలు మా ఇంటికొచ్చి, మా ఆయన ఎదురుగానే, "అక్కా, మా కేసు నువ్వే వాదించు. సార్‌కైతే విడమరిచి చెప్పాలి, నీకు చెప్పక్కర్లేదు" అంది. ఆవిడ వెళ్ళాక ఆయన నవ్వారు. "నేను వాదిస్తాలే. నువ్వు పక్కన కూర్చుని ఫైలందిద్దువుగాని. ఇన్నేళ్ళ తర్వాత నలుగురి ముందు తడబడితే నీకే నామోషీ." వంటింట్లోంచి అత్తగారు, "ఇద్దరూ కోర్టుకి పోతే ఇల్లెవరు చూస్తారమ్మా, గోడలా?" అన్నారు. ఆదివారం చెప్తానని నాయకురాలికి కబురు పంపాను. ఆ ఆదివారమే ఈ ఉత్తుత్తి కోర్టు. జవాబు కోసం ఆవిడ కూడా వచ్చి చివరి వరసలో కూర్చుంది.

కాలేజీ హాల్లో కుర్చీలు వేయించి, మంచినీళ్ళు పెట్టించి, 'ఇంటిపని కూడా పనే' అన్న బ్యానరు వంకర లేకుండా కట్టించి, అప్పుడు బోనెక్కాను. బోనంటే అడ్డంగా పెట్టిన రెండు బెంచీలు. కేసేమిటంటే, నన్ను బస్సు గుద్దింది, కాలు విరిగింది. ఇంట్లో ఉండే మనిషికి సంపాదనేముంది, పరిహారం ఎందుకు అంటోంది బీమా కంపెనీ. స్క్రిప్టు మా ఆయన రాసిందే.

"మీరేం పని చేస్తారు?" అని అడిగాడు కంపెనీ తరపున వాదిస్తున్న విద్యార్థి.

"ఏమీ చేయనండీ. ఇంట్లోనే ఉంటాను" అని, స్క్రిప్టు ప్రకారం ఏడ్చాను. వెనక వరసలకి కూడా వినపడింది.

అక్కడితో నా పని అయిపోవాలి. కానీ హాలు మరీ బరువెక్కిందని ఆయనకి అనిపించినట్టుంది. సభని నవ్వించడం ఆయనకి సరదా. జవాబేమొస్తుందో తెలియని ప్రశ్న సాక్షిని ఎప్పుడూ అడగొద్దని సభ మొదట్లో పిల్లలకి పాఠం చెప్పింది ఆయనే. అది కాస్తా మర్చిపోయి, కళ్ళద్దాలు ముక్కు మీదికి దించి, "ఇంట్లో ఉండటం మరీ అంత కష్టమా అమ్మా? మీ ఆయన సాయం చెయ్యరా?" అన్నారు.

పిల్లలు నవ్వారు. ఈ ప్రశ్నకి స్క్రిప్టులో జవాబు లేదు. అంతా నిజమే చెప్తానని ఇందాకే అందరి ముందూ ప్రమాణం చేశాను.

"చేస్తారండీ. నా కష్టం గురించి సభల్లో చాలా బాగా మాట్లాడతారు. ఆయన మాట్లాడుతున్నంతసేపూ నేను వెనకాల టీలు అందిస్తుంటాను."

నవ్వు ఇంకా పెద్దదై, సగంలో ఆగిపోయింది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"అడిగినదానికే జవాబు చెప్పండి."

"అడిగారు కదండీ."

నా తరపున వాదిస్తున్న అమ్మాయి లేచి నిలబడింది. "సాక్షిని పూర్తిగా చెప్పనివ్వాలి, యువర్ ఆనర్." ఆయన గుర్రుగా చూసినా కూర్చోలేదు. ఆయనేం చేస్తారు పాపం, అలా నిలబడమని నేర్పింది ఆయనే. "చెప్పండి" అన్నారు.

"ఇందాక తప్పు చెప్పానండీ. ఏమీ చేయననడం అబద్ధం. ఈ కోర్టులో జడ్జిగారి కోటు ఇస్త్రీ చేసింది నేను. ఈ కేసుకి పాత తీర్పులు వెతికిపెట్టింది నేను. నేను లాయర్నండీ. ఇంట్లో ఉంటానని నా చేత చెప్పించడం తేలిక, ఎందుకంటే ఇన్నేళ్ళూ నాకు నేనే అలా చెప్పుకున్నాను."

ఇప్పుడు తడబడతానేమో అని ఒక క్షణం చూసుకున్నాను. తడబడలేదు. ఏటా ఇంత హాలు ముందు నిలబడి, ఎవరేం అడిగినా జవాబు చెబుతూ వచ్చింది నేనే కదా. నాకెందుకు నామోషీ? ఒళ్ళంతా తేలికైపోయింది. పట్టలేనంత సంతోషంగా ఉంది.

"సాక్షి వెళ్ళవచ్చు" అన్నారాయన, ఫైల్లోకి చూస్తూ.

దిగి నేరుగా చివరి వరసకి వెళ్ళాను. "రేపు కాగితాలన్నీ పట్టుకుని రా. మీ కేసు నేనే వాదిస్తున్నాను" అన్నాను.

"వాదించడం ఇందాక బోనులోనే మొదలెట్టావుగా, విన్నాంలే అక్కా" అంది నాయకురాలు.

సాయంత్రం దుప్పట్ల కిందనించి నా కోటు తీసి ఇస్త్రీకి పరిచాను. అత్తగారు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. గోడల మాట ఎత్తుతారనుకున్నాను. "మోచేతి దగ్గర కుట్టు ఊడింది, చూసుకో" అని వెళ్ళిపోయారు. మా ఆయన మాత్రం గదిలో అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నారు. కోప్పడదామంటే మాట దొరకడం లేదు, మెచ్చుకుందామంటే నోరు రావడం లేదు. చివరికి నా ముందు ఆగారు.

"మరి వచ్చే ఏడాది సాక్షి ఎవరు?"

"మీరే" అన్నాను, కాలరు మడత సరిచేస్తూ. "వెనక వరసలకి వినపడేలా ఏడవాలి మరి."