కన్ను లేని ఏనుగు

నేను ఒక పోచంపల్లి నూలు చీరను. పుట్టి యాభై ఏళ్లు దాటింది. ఒక టీచరమ్మ నన్ను కట్టుకుని ఎన్నో పాఠాలు చెప్పి, రిటైరయ్యాక ఈ మ్యూజియానికి ఇచ్చేసింది. ఆరేళ్లుగా అద్దాల పెట్టెలో మడతలు పడి ఉన్నాను. పక్కనే ఒక చిన్న అట్ట: ‘నేసినవారు తెలియదు’.

పోయిన ఏడాది నా ఎదురుగా పెద్ద తెర పెట్టారు. దాని ముందు ఎవరు నిలబడితే వాళ్ల ఒంటి మీద నేను ప్రత్యక్షమవుతాను, మీసాలాయన మీద కూడా! నా పెట్టెకు వీపు ఆనించి, తెరలో నన్ను కట్టుకుని, జనం ఫోటోలు దిగుతారు. అక్కడ నాకు ముడత లేదు, రంగు వెలియలేదు. అది నేనేనా? అది నేనైతే ఈ పెట్టెలో ఉన్నది ఎవరు? ఎంత ఆలోచించినా నాకు అంతు చిక్కదు.

మొన్న అండాలు అనే పెద్దావిడ వచ్చి, నన్ను చూసి కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆమెను గుర్తుపట్టాను. ఆ వేళ్లే నా పోగులకు ముడులు కట్టాయి.

“మేడం, ఇది మా ఆయన వీరస్వామి నేసిన చీర. ఆయన పేరు రాయుండ్రి,” అని మ్యూజియం అధికారి హేమలతను అడిగింది.

“గుర్తేమైనా ఉందా అమ్మా?”

“కొంగు మీద ఏడు ఏనుగులు. ఒకదానికి కన్ను లేదు. పెండ్లైన కొత్త, రంగంటకుండ పోగులకు ముడులేసే చిటికి కట్టుడు నాకు సరిగ రాకపాయె. రంగుల ముంచంగ ముడి ఊడి, తెల్లగుండాల్సిన కన్నుకు గూడ ఏనుగు ఎరుపే ఎక్కింది. ‘ఉండనియ్యి, నీ గుర్తుగ’ అని ఆయన అట్లనే నేసిండు.”

హేమలత మంచి మనిషే. కానీ మడత విప్పితే నేను చిరుగుతానని ఎవరినీ ముట్టుకోనివ్వరు. అందుకని తెర మీద కొంగును పెద్దది చేసి చూపించింది. ఏడు ఏనుగులకూ కళ్లున్నాయి. నేను ఇక్కడికి వచ్చిన కొత్తలో నా ఫోటోలు తీసినాయన, కన్ను లేకపోవడం లోపమనుకుని ఫోటోలో దిద్దేశాడు. ఆ సంగతి ఆమెకు తెలియదు. చెప్పడానికి నాకు నోరు లేదు.

“మీరు పొరబడ్డారేమోనమ్మా.”

అండాలు చాలాసేపు తెరను చూసింది. “అయ్యుంటది బిడ్డా. మిషినుకు అబద్ధమాడే పనేముంది? ఆయన పోయి ఇరవై ఏండ్లాయె. ఆ మాట గూడ ఆయన అన్లేదో ఏమో.”

దండం పెట్టి వెళ్లిపోయింది.

అన్నాడు తల్లీ! మగ్గం మీద సగం నేసి ఉన్న నేను విన్నాను. ఆ ఏనుగు నా లోపలి మడతలో ఉంది. ఉందనే అనుకుంటున్నాను. నన్ను విప్పి ఆరేళ్లయింది. రోజంతా నేను చూసేది ఎదురుగా ఉన్న ఆ ఏడు కళ్లనే.